ఎంగిలి నోటి రామకోటి

సంగటి ముద్దను నమిలేవాణ్ణి చూస్తే మా పక్క నగుతారు. ముద్ద నమిలేది గాదు, మింగేది. శెనక్కాయ పచ్చడి ఊరిబిండిలో అద్దుకొని, నాలుక మీద పెట్టుకొని, గుటుక్కున లోపలికి పంపించల్ల. మా అమ్మ ముదిగుబ్బ పక్క పల్లెలో పుట్టిన మనిషి. ధర్మవరంలో మగ్గాల ఇంటికి కోడలుగా వచ్చినా ఆ ముద్దను మాత్రం విడిచిపెట్టలేదు. నాకు నలభై నాలుగేండ్లు వచ్చినా మధ్యాన్నం పూట మగ్గం గుంత అంచున కూర్చొని ఆమే నా నోట్లో ముద్దలు పెడతాండె. నేను లేసి చెయ్యి కడుక్కొని తినేలోగా నేత ఆగిపోతాదని సాకు. పిల్లలు నగుతాండిరి. నగితే నగనీ, నాకేమి సిగ్గు.

ఒక పొద్దు ఆమె వేళ్లు నా పండ్లకు తగిలినాయి.

"నోరు తెరువు రా," అనింది.

"తెరిచినా కదమ్మా."

"యాడ తెరిచినావు? తలుపు ఓరగా వేసినట్టు పెట్టుకోనుండావే!"

మా ఇంటిది అద్దం తెచ్చి నా మొగానికి పెట్టింది. శక్తి కొద్దీ తెరిచినా. ఒక వేలు మాత్రం పట్టేంత నోరు కనపడింది. బుగ్గల లోపల తెల్లగా పాలిపోయి, తోలు పట్టీ మాదిరి బిగిసిపోయి ఉండాది. కారం తగిలితే మండేది శానా నాళ్లనుంచి ఉన్నదే. నేనే ఎవరికీ చెప్పలేదు. చెప్పేదానికి మొగం యాడిది? పదహారేండ్ల వయసు నుంచి నా నోట్లో గుట్కా ఉండాది. పక్క మగ్గం అన్న ఒకాయన అలవాటు చేసినాడని ఆయన్నే ఇన్నేండ్లు మనసులో తిట్టుకుంటాంటి.

మగ్గం సంగతి తెలియనోళ్లకు ఒక మాట చెప్పల్ల. మాది గుంత మగ్గం. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్లు పెట్టుకొని నేసేది. పట్టు మీద ఒక్క ఎంగిలి చుక్క పడితే ఆ చీర పోయినట్టే. ఉమ్మల్లంటే గుంతలోనుంచి లేవల్ల, వీధిలోకి పోవల్ల, తిరిగొచ్చి మల్ల పోగులు చూసుకోవల్ల. అంత ఓపిక ఎవరికుండాది? అందుకని మేము ఉమ్మము. ఎడమ బుగ్గలో పెట్టుకొని గంటలకొద్దీ అట్లే ఉంచుకుంటాము, ఊరిన నీళ్లు మింగుతాము. బస్టాండు గోడలు ఎర్రగా చేసేవాళ్లను చూసి "ఛీ, మర్యాద తెలీని మనుషులు" అంటాంటి నేను. మర్యాదగా మింగి మింగి నా నోరు మూసుకుపోయింది.

అనంతపురం పెద్దాసుపత్రికి పోయినాము, నేనూ ఇంటిదీ. డాక్టరు తిట్టలేదు. తిట్టుంటే బాగుండు. "మూడు వేళ్లు నిలువుగా పెట్టి చూపించు," అన్నాడు. ఒకటి పోయింది. రెండోదాన్ని నెడితే మూలలు చీలినట్టు నొప్పి. ఆయన ఏదో రాసుకుంటా, "ఇది పూర్తిగా నయమయ్యేది గాదు. ఆగేది. నువ్వు ఆపితే అది ఆగుతుంది," అన్నాడు.

"ఆపకపోతే సార్?"

"నీళ్లు కూడా పోవు ఒకరోజు. అంతకన్నా ముందే ఇంకోటి రావచ్చు."

ఆ ఇంకోటి పేరు నేనే చెప్పి, అదేనా అని అడిగినా. ఆయన తల ఆడించినాడు. ఐసుపుల్లల మాదిరి బల్లపరుపు కట్టెపుల్లలు కొన్ని ఇచ్చి, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి పండ్ల నడమ పెట్టుకొని కూర్చోమన్నాడు. ఎనిమిది పట్టినాయి. వారానికి ఒకటి పెంచమన్నాడు. ఎనిమిది పుల్లలు పండ్ల నడమ పెట్టుకొని, చొంగ కార్చుకుంటా, ఎదురుగోడ చూసుకుంటా కూర్చున్నప్పుడు నాకు ఏడుపు వచ్చింది. పుల్లలు నోట్లో పెట్టుకొని ఏడిస్తే ఎట్లుంటాదో ఎవరికీ తెలియకూడదు.

పక్క గదిలో గుట్కా లాంటి అలవాట్లు మాన్పించే మేడం ఒకామె ఉండె. వయసులో నాకన్నా శానా చిన్నది. బెళుగుప్ప పక్క మనిషంట, మాట సూటిగా మొగాన కొట్టినట్టు ఉంటాది.

"అన్నా, తెల్లారి నడువు. నీళ్లు తాగు. ఆకుకూరలు మెత్తగా ఉడికించుకొని తిను. పుల్లలు మానొద్దు. ఇవన్నీ ఒక ఎత్తు. ఒక నోటుబుక్కు పెట్టుకొని, వేసుకోవల్లనిపించినప్పుడల్లా రాయి, అది ఇంకో ఎత్తు."

"ఏమి రాయల్ల మేడం?"

"ఉన్నది రాయి."

ఇంటికి వచ్చేసరికి అమ్మ సంగటి గెలికి పెట్టుకొని కూర్చోనుండాది. మా ఇంటిది అంతా చెప్పింది, ఆ ఇంకోటి పేరు తప్ప. అమ్మ ముద్ద పట్టుకొని నా ముందరికి వచ్చింది. నేను తెరిచినా. ఆమె చెయ్యి పోలేదు. మల్ల పెట్టింది, పోలేదు. ముద్ద నలిగి నా గడ్డం మీద పడింది. ఆమె అది తుడిచి, పోయి చెయ్యి కడుక్కొని వచ్చి, గడపలో నిలబడి చెప్పింది. "ఈ చేత్తో వీని నోట్లో ముద్ద పెట్టిన పొద్దే నేను ముద్ద ముట్టేది. అంతదాకా వాడు తాగేదే నేనూ తాగేది."

"షుగరు మనిషివి, అట్లాంటి ఒట్లు పెట్టుకుంటారా?" అని మా ఇంటిది మొత్తుకునింది.

"షుగరు నన్నేమి చేస్తాది? నేనే దాన్ని చేస్తా పో," అనింది.

ఆ సాయంత్రమే తన ఆకువక్క సంచి తీసుకొని పోయి దిబ్బలో పారేసింది. అందులో వక్కలు, సున్నపు డబ్బీ, కడ్డిపుడి పొట్లం. కడ్డిపుడి అంటే ఆకువక్కలో కలుపుకొని నమిలే పొగాకు. మా పక్క ఆడోళ్లకు అది లేకుంటే తెల్లవారదు. నలభై ఏండ్లు నమిలిన మనిషి, ఆ పొద్దు నుంచి ఒక్క పూట కూడా అడగలేదు. అది చూసి నాకు సంతోషం కావల్ల గదా? మంట పుట్టింది. అంత సులభంగా ఎట్ల మానింది ఈయమ్మ, నన్ను సిగ్గు పెట్టేదానికే మానింది, అనుకుంటి. కన్నతల్లి మీద అట్లాంటి కోపం వచ్చిందంటే నేను ఎంత దిగజారినానో చూడండి.

రాయమన్నారని చెప్తే అమ్మ మొగం వెలిగింది. "అట్లయితే రామకోటి రాయి. అంతకన్నా రాసేదేముండాది లోకంలో?" అనింది. మర్నాడే గుడి వీధిలో పుస్తకం తెచ్చింది. పేజీ నిండా గళ్లు, గడికొక శ్రీరామ రాయల్ల. స్నానం చేయల్ల, నోరు పుక్కిలించల్ల, ఎంగిలి నోటితో రాయకూడదు. "ఎంగిలితో రాసేవు, కండ్లు పోతాయి," అని బెదిరించింది కూడా.

ఆసుపత్రి ఆయమ్మ చెప్పింది ఇది గాదని నాకు తెలుసు. తెలిసే ఒప్పుకున్నా. ఉన్నది రాయడం కన్నా శ్రీరామ రాయడం ఎంత హాయి! దేవుని పేరు రాస్తాంటే ఇంట్లో ఎవరూ ఏమీ అడగరు. పైగా గళ్లు నింపేది నాకు కొత్త గాదు. చీర డిజైను మేము గళ్ల కాగితం మీదనే వేసుకుంటాము, గడికొక పోగు. ఒక్క గడి తప్పు పడితే ఆ తప్పు చీర పొడుగునా పోతుంది. నా చేతిరాత గుండ్రంగా ఉంటాది. రెండు పేజీలు చూసి అమ్మ పక్కింటోళ్లను పిలిచి చూపించింది. "ముత్యాలు పేర్చినాడు నా కొడుకు" అని చెప్పుకునింది.

ఆ ముత్యాలు పేర్చేటప్పుడు నా ఎడమ బుగ్గలో గుట్కా ఉండాది.

మానలేదు నేను. మూడు దినాలు మానినా, నాలుగో దినం మల్ల మొదలు. ఆ మూడు దినాలు ఎట్లుండెనో చెప్పల్లంటే, ఒళ్లంతా చీమలు. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె విసిరితే అవతలి కొసకు పోదు. పిల్లోళ్లు గట్టిగా నగితే కొట్టబుద్ధి. మధ్యాన్నానికి నుదురు పగిలిపోతాంది. నాలుక పోయి ఎడమ బుగ్గలో వెతుక్కుంటాది, ఏమీ లేదు ఆడ. నాలుగో దినం తెల్లారి నడకకు పోయినా. నడక మంచిదే. నడిచే దోవలో రైల్వేగేటు కాడ అంగడి ఉండాది, అదే చెడ్డది. గుట్కా అమ్మకూడదని ప్రభుత్వం చెప్పింది. అమ్మని అంగడి యాడుండాదో చూపించండి, ఆడికే పోయి నడుస్తా. ఆ అంగడాయన నన్ను చూసి, నేను అడగకముందే బల్ల కింద చెయ్యి పెట్టి పొట్లం తీసినాడు.

గేటు నుంచి గుట్ట దాకా ఎండిన బీళ్లు. ఆ యేడు కూడా వాన మొగం చూపించలేదు. శెనక్కాయ విత్తినోళ్ల చేన్లు కూడా బీళ్ల మాదిరే ఉండాయి. గాలి తప్ప మనిషి లేడు. ఆడ నిలబడి, నోటి ఆ చిన్న సందులోకి గుట్కా వేలుతో నెట్టుకున్నా. మంటకు కండ్లలో నీళ్లు కారినాయి. మండుతా ఉన్నా సుఖంగా ఉండె. ఇది రాసేదానికి ఇప్పుడు కూడా నా చెయ్యి వెనక్కి పోతాంది.

ఇంటికి వచ్చి, స్నానం చేసి, నోరు పుక్కిలించినట్టు చప్పుడు చేసి, అమ్మ ఎదురుగా రామకోటి రాసినా.

అట్ల రెండు నెలలు పోయినాయి. నేను అంబలి తాగితే అమ్మ అంబలి తాగె. నేను గంజి తాగితే ఆమె గంజి. తేడా ఏమంటే నా బుగ్గలో ఇంకోటి ఉండె, ఆమె కడుపులో ఏమీ లేకపాయె. ఆమె జబ్బలు సన్నబడినాయి. గాజులు మోచేతి దాకా పోతాండె. మాత్రలు వేసుకొని, తినకుండా, నీళ్ల ట్యాంకరు కాడికి బిందె పట్టుకొని పోతాండె. నేను పోతానంటే, "నువ్వు రాసుకో రా, రాసుకో. అయిపోతే నీ నోరు తెరుచుకుంటాది," అంటాండె. ఆమె నమ్మకం అది. కోటి పూర్తయితే రాముడే వచ్చి నా దవడలు సడలిస్తాడని. నేను రాసుకుంటా కూర్చుంటాంటి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతాదని గమ్మున ఉంటి.

మా ఇంటిదాని ముందర ఎన్నాళ్లు దాస్తాను? పట్టు కండెలు పెట్టే గంపలో అడుగున ఖాళీ పొట్లాలు దొరికినాయి ఆమెకు. గుంత అంచున నిలబడి నా ముందర కుమ్మరించింది.

"ఇదా నువ్వు రాసే రామకోటి? పైన పటారం, లోన లొటారం! మీయమ్మ నీకోసం ఎండిపోతాంటే నీకు మనసెట్ల ఒప్పుతాంది?"

"మెల్లగా మాట్లాడు, అమ్మ వింటాది."

"విననీ! నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

కాళ్లు పట్టుకున్నా. నిజంగానే పట్టుకున్నా, గుంతలో నిలబడి. "ఈసారి ఆసుపత్రికి పోయి వచ్చినాక చెప్తా," అన్నా. ఆమె నా చేతులు విదిలించుకొని పోయింది.

ఆసుపత్రి ఆయమ్మ "బుక్కు చూపించన్నా," అనింది. రామకోటి తీసి బల్ల మీద పెట్టినా. పేజీలు తిరగేసింది. తిరగేసి, తిరగేసి, "ఇదేందన్నా?" అనింది.

"రాయమన్నారు కదా మేడం."

"దేవునికి రాసినావు, సరే. ఇందులో నువ్వు యాడుండావు?"

 ఆమె ఊరుకోలేదు. ఒక పేజీ మీద వేలు పెట్టింది. "ఈడ ఇంత గుండ్రంగా ఉండాయి. ఇంకో పేజీలో వంకరటింకరగా ఉండాయి. ఎందుకట్ల?"

అప్పటిదాకా నేను ఆ సంగతి చూసుకోలేదు. వంకరగా పోయినవి మొదటి మూడు దినాలవి, నోట్లో ఏమీ లేకుండా చేతులు వణుకుతా రాసినవి. ముత్యాలన్నీ తర్వాతివి. అమ్మ పక్కింటోళ్లకు చూపించిన రెండు పేజీలూ గుట్కా పెట్టుకొని రాసినవే.  ఆమె పుస్తకం మూసి ఇచ్చి, "ఇందులోనే రాయన్నా, కొత్త బుక్కు వద్దు. గళ్లు ఖాళీ ఉండాయి కదా," అనింది.

బస్సులో కూర్చొని ఒక గడిలో రాసినా. శ్రీరామ రాయాల్సిన చోట "వేసుకున్నా" అని రాసినా. ఒక్క మాట.  దొంగ మాదిరి చుట్టూ చూసుకున్నా. పక్కన ఎవరో సోమందేపల్లె పోయేవాళ్లు చీటీల పంచాయితీ మాట్లాడుకుంటాండిరి. నన్ను చూసేవాళ్లే లేరు.

మర్నాటి నుంచి గళ్లు అట్ల నిండినాయి. "పొద్దున గేటు కాడ తీసుకున్నా." "పోగు తెగింది, కోపం వచ్చింది, వేసుకున్నా." "అమ్మ అంబలి తాగుతాంటే చూడలేక లేసిపోయి వేసుకున్నా." "ఇంటిది మాట్లాడలేదు, వేసుకున్నా." ఒక గడి చాలదు, నాలుగైదు గళ్లు దాటుకుంటా పోతాండె వాక్యం. రాస్తే సగం తగ్గుతాదని లోకం చెప్తాది. సగమూ తగ్గలేదు, పావూ తగ్గలేదు. కానీ ఒకటి జరిగింది. వేసుకునే ముందరే, ఇది రాయాల్సి వస్తాది కదా అని గుర్తుకొచ్చేది. ఆ గుర్తుకు ఒకోసారి చెయ్యి ఆగేది. శానాసార్లు ఆగలేదు. ఆగినప్పుడు "వేసుకోలేదు" అని రాస్తాంటి, ఆ గడి చూసుకొని చిన్నపిల్లోని మాదిరి మురుస్తాంటి. గేటు దోవ మాని ఊరికి అవతలి దిక్కు నడిచినా. పుల్లలు తొమ్మిదైనాయి, పదైనాయి. రెండో వేలు కొస దూరింది. అంతలో ఒక బేజారు దినం వచ్చి నాలుగు పొట్లాలు ఒకే పూట.

అమ్మకు అక్షరం రాదు. నేను ఏది రాసినా ఆమెకు శ్రీరామే. రోజూ పొద్దున ఆ పుస్తకం తీసుకొని కండ్లకు అద్దుకుంటాండె. "వేసుకున్నా, వేసుకున్నా" అని ఉన్న పేజీని ఆమె కండ్లకు అద్దుకుంటాంటే నాకు భూమిలోకి పోవల్లనిపించేది. కండ్లు పోతాయని ఆమె నాకు చెప్పింది. నా ఎంగిలి రాతలు ఆమె కండ్ల మీద పడుతాండె.

అమ్మ ట్యాంకరు కాడ పడిపోయింది. బిందె దొర్లిపోయిందంట, పక్కింటోళ్లు ఎత్తుకొచ్చినారు. వీధి కొసన ఉన్న డాక్టరు వచ్చి చక్కెర శానా పడిపోయిందని సెలైను పెట్టినాడు. "ఈమె అన్నం తినల్ల. తినకుండా మాత్రలు వేసుకుంటే ఇంకోసారి ఇట్లయితే లేవదు," అన్నాడు. నేను సంగటి చేయించి పళ్లెం తెచ్చినా. అమ్మ మొగం పక్కకు తిప్పుకునింది.

"నీ నోరు తెరువు ముందర," అనింది.

తెరిచినా. రెండో వేలు సగమే పోతుంది. ఆమె చెయ్యి ఎత్తబోయింది, ఎత్తలేకపోయింది. సూది ఉన్న చెయ్యి మంచం మీద పడిపోయింది. "ఇంగా కాలేదు. కానీలే. ఎన్ని లక్షలైనాయి రా? పుస్తకం తే, తలకింద పెట్టుకుంటా," అనింది.

మా ఇంటిది వాకిట్లో నిలబడి నన్నే చూస్తాంది.   ఇంక ఆగితే మా అమ్మ పోతాది. నా అబద్ధం మీద ఒట్టు పెట్టుకొని పోతాది. అంతే, అంతకన్నా ఏమీ తోచలేదు నాకు.

పుస్తకం తెచ్చినా. తలకింద పెట్టలేదు. మంచం పక్కన నేల మీద కూర్చొని, తెరిచి, చదివినా. ఒక్కొక్క గడి. నా నోటికి అక్షరాలు సరిగ్గా పలకవు, మాట లోపలే నలిగిపోతాంది. "ఏమి?" అని అమ్మ అడిగితే రెండుసార్లు, మూడుసార్లు చదవాల్సి వచ్చె. "పొద్దున గేటు కాడ తీసుకున్నా." ఏమి? "గేటు కాడ గుట్కా తీసుకున్నా అమ్మా." "నీ ఎదురుగా కూర్చొని, బుగ్గలో పెట్టుకొని, శ్రీరామ రాసినా." ఏమి రా? "నీకు అబద్ధం చెప్పినా." పేజీ తిప్పినా, ఇంకో పేజీ తిప్పినా. ఏడుస్తా చదివినా. సెలైను సీసాలో సగం అయిపోయేదాకా చదివినా.

అమ్మ పైకప్పు చూస్తా పడుకోనుండాది. ఇప్పుడు తిడుతాది, తిడితే బాగుంటాది అనుకుంటి.

"తెలుసు," అనింది.

"ఏమి తెలుసు?"

"నలభై ఏండ్లు నమిలినదాన్ని రా నేను. ఆ వాసన నాకు తెలీదా? నువ్వు రాస్తాంటే నీ రాత ఎవరు చూసినారు, నీ దవడే చూస్తా కూర్చుంటాంటి."

నాకు కోపం తన్నుకొచ్చింది. అవును, ఆ పొద్దు కూడా కోపమే. "తెలిసి గూడా కూడు మానినావా? తెలిసి గూడా రామకోటి, రామకోటి అని నా ప్రాణం తీసినావా? చచ్చేదానికా?" అని అరిచినా. అరిస్తే పెదవుల మూలలు చీలి రక్తం వచ్చింది.

"నీకోసమని గాదు నేను కూడు మానింది," అనింది. ఎంత మెల్లగా అనిందంటే నేను ఆమె మొగం కాడికి వంగాల్సి వచ్చె.

"నీకు ఆరేండ్లు. అంచుకు వేరే నాడె ఉండే కుట్టంచు చీర నేసేటప్పుడు మీ నాయన నిన్ను ఆ కొసన కూర్చోబెడతాండె, అంచు నాడె విసిరేదానికి. మధ్యాన్నమైతే నీకు నిద్దర. నువ్వు తూగితే పోగు తెగుతాది, తెగితే ఆయన చేతిలో నాడె నీ నెత్తిన పడుతాది. ఒకసారి రక్తం కారింది. నేను చూడలేకపోయినా. నా నోట్లో నములుతా ఉన్నది, వక్కా కడ్డిపుడీ, కొంచెం తీసి నీ బుగ్గలో పెట్టినా. ఘాటుకు కండ్లు తెరిచినావు. ఆ పొద్దు దెబ్బ పడలేదు. మర్నాడు మధ్యాన్నం నువ్వే నా దిక్కు తిరిగి నోరు తెరిచినావు. ఎంత పెద్దగా తెరిచినావు రా! పెట్టినా. రోజూ పెట్టినా. ఎన్నాళ్లో నాకే గురుతు లేదు. నా ఎంగిలి నీకు పెట్టినా."

నాకు ఏమీ గుర్తు లేదు. పదహారేండ్లప్పుడు నేర్చుకున్నాననే అనుకుంటి. మొదటిసారి గుట్కా వేసుకున్న పొద్దు అందరికీ తల తిరుగుతాదంటారు, నాకు తిరగలేదు. అప్పుడు దాన్ని మొగతనం అనుకుంటి.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు రాసుకున్నావు, చెప్పినావు. నాకు రాసేదానికి అక్షరం వస్తాదా?" అనింది. మల్ల, "ఆడ ఖాళీ గళ్లు ఉండాయా? రాయి," అనింది.

"ఏమని?"

"మా అమ్మే పెట్టింది అని."

నా చెయ్యి పోలేదు. "మా అమ్మ నాకు దెబ్బలు తప్పించింది" అని రాసినా. చదివి వినిపించమనింది. వినిపించినా. "అట్ల గాదు. ఉన్నది రాయి," అనింది. ఆసుపత్రిలో ఇదే మాట చెప్పిన ఆ బెళుగుప్ప ఆయమ్మను ఈమె ఎన్నడూ చూసిందే లేదు. కొట్టేసి, మల్ల రాసినా. "మొదట నా నోట్లో పొగాకు పెట్టింది మా అమ్మ. నాకు ఆరేండ్లు." వంకరగా వచ్చినాయి అక్షరాలు. పొద్దున్నుంచి నా నోట్లో ఏమీ లేదు.

అమ్మ ఎడమ చెయ్యి చాచింది. బొటనవేలు పైకి పెట్టింది. ఏమడుగుతాందో నాకు అర్థం కాలేదు, మా ఇంటిదానికి అయింది. ఆమె వచ్చి, నా చేతిలో పెన్ను తీసుకొని, అమ్మ వేలికి నీలం సిరా గీకి గీకి రుద్దింది. నేను పుస్తకం పట్టుకున్నా. అమ్మ వేలు అదిమింది. ఆ ముద్ర నాలుగు గళ్లు పట్టింది.

"ఇంగ పెట్టు," అనింది. "నీ నోట్లోకి నా చెయ్యి పోకపోతే నా నోట్లోకి నీ చెయ్యి పోతాది గదా."

సంగటి చల్లారిపోయి ఉండాది. మజ్జిగలో పిసికి, చిన్న చిన్నగా పెట్టినా. మింగలేక నమిలింది. ఒకటి, రెండు, మూడు తినింది. నాలుగోది పెట్టేటప్పుడు, అమ్మ నోరు అంత బాగా తెరుచుకొని నా ముందర ఉన్నప్పుడు, నా మనసు గేటు కాడి అంగట్లో ఉండాది. ఎడమ బుగ్గలో నీళ్లు ఊరినాయి. ఆమెను పడుకోబెట్టి, చెయ్యి కడుక్కొని వచ్చి, ఆ నీలం ముద్ర కింద గడిలో "వేసుకోవల్లనిపించింది" అని రాసినా.